పేర్లకు మారుమాటలు ఉండవు

కొత్తపేట_34 · 28 సెప్టెంబర్, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదలు. నాకు 34 ఏళ్ళు. చిన్నప్పటి నుంచి నత్తి. క, ప, ట లతో మొదలయ్యే మాట దగ్గర గొంతు మూసుకుపోతుంది. సాగదీయడం కాదు, అసలు మాటే రాదు. పెదవులు బిగుసుకుంటాయి, గాలి ఆగిపోతుంది, ఎదుటి మనిషి నా ముఖం చూసి తల తిప్పుకుంటాడు.

ఉద్యోగం అబిడ్స్‌లో, ఇల్లు కొత్తపేటలో. బస్సులో 'కొత్తపేట' అనలేక ఎల్బీనగర్‌కి టికెట్ తీసుకుని కొత్తపేటలో దిగేవాణ్ణి. ఐదేళ్ళు అలాగే ఎక్కువ డబ్బులు కట్టాను. ఒకాయన పాపం మంచితనం కొద్దీ "ఎల్బీనగర్ ఇంకా రాలేదన్నా, ఇక్కడెందుకు దిగుతున్నవ్?" అని ఆపేవాడు. తలూపి దిగిపోయేవాణ్ణి. 2018లో మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చింది. మిషన్ దగ్గర టికెట్, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అబ్బ, ఎంత హాయిగా ఉండేదో. ఆ హాయి నన్ను ఎంత దూరం తీసుకుపోయిందో ఇప్పుడు తెలుస్తోంది. అప్పట్లో మూడు అక్షరాల భయం. ఇప్పుడు ఫోన్ మోగితే చాలు, చేతులు చల్లబడతాయి.

మాటలు మార్చుకోవడంలో నన్ను మించినవాడు లేడు. మాది గుడివాడ వైపు. పెద్దమ్మని అందరూ పెద్దమ్మ అంటే నేనొక్కణ్ణే దొడ్డమ్మ అంటాను. 'పెరుగు' రాకపోతే 'మజ్జిగ' అడిగి, మజ్జిగతోనే తిని లేస్తాను. తెలుగువాడిగా పుట్టడం నాకు కలిసొచ్చింది, పెద్దవాళ్ళని పేరుపెట్టి పిలవక్కర్లేదు, వరసలతో గడిచిపోతుంది. కానీ పేర్లకు మారుమాటలు ఉండవు కదా. నా పేరూ 'క' తోనే మొదలవుతుంది.

కార్తీకంలో మా చెల్లి నిశ్చితార్థం. నాన్నగారు లేరు. మగపెళ్ళివారికి మా వైపు వాళ్ళని పేరుపేరునా పరిచయం చేయాల్సింది నేనే. ఇరవై రెండు మంది. లెక్కపెట్టాను, అందులో తొమ్మిది పేర్లు నాకు రాని అక్షరాలవే. ఇంట్లో అందరూ "నీ మీద నీకు నమ్మకం ఉండాలి, ధైర్యంగా ఉండు" అంటున్నారు. మంచికే అంటున్నారు. నేనడిగేది ఒక్కటే: ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉన్నవాళ్ళకి ముందు నుంచే ఉందా, మాట్లాడాక వచ్చిందా?

సంకల్పసిద్ధి · 29 సెప్టెంబర్, ఉదయం 6:10

తమ్ముడూ, చదువుతుంటే మనసు కదిలింది. నేనూ చిన్నప్పుడు నలుగురిలో నోరు విప్పలేనివాణ్ణి. ఇప్పుడు మా ఊళ్ళో సభ ఏదైనా మైకు నాకే ఇస్తారు. రోజూ తెల్లవారుజామున అద్దం ముందు నిలబడి పది నిమిషాలు గట్టిగా మాట్లాడు. నేను చెప్పగలను అని గట్టిగా అనుకో. సంకల్పం ముందు నత్తి ఎంత?

ధర్మవరం_అమ్మాయి · 29 సెప్టెంబర్, మధ్యాహ్నం 2:35

సంకల్పసిద్ధి అన్నా, తప్పుగా అనుకోవద్దు. నాకూ నత్తి ఉంది. అద్దం ముందర నాకు ఒక్క మాట కూడా ఆగదు. పిల్లితో ఆగదు, పసిబిడ్డతో ఆగదు, ఒంటరిగా ఉన్నప్పుడు అసలే ఆగదు. అద్దం విసుక్కోదు కదా. మనిషి ఎదురొస్తేనే వచ్చే కష్టానికి, మనిషి లేనిచోట అభ్యాసం చేస్తే ఏం లాభం? బిడియం వేరు, నత్తి వేరు. మీరు బిడియం గెలిచినారు, అది చిన్న సంగతి కాదు. కానీ మా నోటికి పడిన తాళం వేరే.

కొత్తపేట గారూ, మీ ప్రశ్నకి నాకు జరిగింది చెప్తాను. పెళ్ళిచూపులకి మా అమ్మ నాకు ఒకటే చెప్పేది: "నువ్వు నోరు తెరవద్దు, ఏమడిగినా నేను చెప్తా." పేరు అడిగితే అమ్మే చెప్పింది. ఏం చదివినావంటే అమ్మే చెప్పింది. మొదటి వాళ్ళు "పిల్ల మరీ మెతక" అని పోయినారు. రెండో వాళ్ళకి ఎవరో సంగతి చెప్పినారు, మోసం చేసినారని పెద్ద గొడవ. మూడోసారి వంటింట్లో కాఫీ గ్లాసులు తట్టలో పెట్టుకుంటా నిర్ణయించుకున్నా. హాల్లోకి పోయి, వాళ్ళు అడగకముందే నా పేరు చెప్పినా. ఎంతసేపు పట్టిందో తెలీదు. కాఫీలు చల్లారలేదు కాబట్టి యుగాలేం పట్టలేదు. తర్వాత "నాకు నత్తి ఉందండి" అన్నా.

ఆ సంబంధం కుదరలేదు. ఇంకో రెండేండ్లకి నా పెళ్ళి వేరే వాళ్ళతో అయింది. కానీ ఆ పొద్దు రాత్రి నేను కడుపునిండా తిన్నా. అంతకుముందు రెండుసార్లు ఒక్క ముద్ద దిగలేదు. కుదరకపోయినా ఆకలి ఎందుకయిందో చాలా రోజులు ఆలోచించినా. ఇప్పుడు మగ్గం వర్క్ షాపు పెట్టుకున్నా, పొద్దస్తమానం మాట్లాడే పనే. నత్తి అట్లే ఉంది.

వాక్కు_విశాఖ · 29 సెప్టెంబర్, రాత్రి 9:20

నేను స్పీచ్ థెరపిస్టుని, పదహారేళ్ళుగా. ధర్మవరం గారు అద్దం గురించి చెప్పింది అక్షరాలా నిజం. ఒంటరిగా ఉన్నప్పుడు, పాడేటప్పుడు, పదిమందితో కలిసి చదివేటప్పుడు చాలామందికి నత్తి రాదు.

నత్తి భయం వల్ల పుట్టదు. మాటకు కావలసిన కదలికలని మెదడు వరసగా కూర్చే తీరులో తేడా ఉంటుంది. వంశంలో నడవడం ఎక్కువ. మామూలుగా రెండు నుంచి ఐదేళ్ళ మధ్య మొదలవుతుంది. పసిపిల్లల్లో నూటికి ఐదుగురిలో కనిపించి, ఎక్కువమందిలో దానంతటదే పోతుంది. పెద్దవాళ్ళలో నూటికి ఒకరు మిగులుతారు. మగవాళ్ళు నలుగురుంటే ఆడవాళ్ళు ఒకరు. అందుకే ధర్మవరం గారి లాంటి వాళ్ళు తమలాంటి మరో ఆడమనిషిని చూడకుండానే పెరుగుతారు.

భయం దాన్ని పుట్టించదు గానీ పెంచుతుంది. తప్పించుకున్న ప్రతిసారీ ఆ క్షణానికి ప్రాణం కుదుటపడుతుంది. మెదడు దాన్ని బహుమతిలా గుర్తుపెట్టుకుంటుంది. 'గండం తప్పింది' అని రాసుకుంటుంది. రేపు అదే మాట దగ్గర గండం ఇంకా పెద్దదిగా కనబడుతుంది. మీ మెట్రో కథ అదే.

అమెరికాలో చార్లెస్ వాన్ రైపర్ అని మా రంగంలో పెద్దాయన ఉండేవారు. ఆయనకే నత్తి. మాటను తడబడకుండా చేయడం మీద కాకుండా, తడబడినా పెనుగులాట లేకుండా దాటడం మీద ఆయన పనిచేశారు. ఇప్పటికీ మేం నేర్పేవాటిలో చాలా ఆయన దారిలోవే. మాట ఆగిపోతే ఎలాగోలా పూర్తిచేసి, ఒక్క క్షణం ఆగి, అదే మాటని మెత్తగా మళ్ళీ అనడం ఒకటి. 'ప' దగ్గర పెదవులు నొక్కిపెట్టకుండా, గాలి వదులుతూ తాకీతాకనట్టు అనడం ఒకటి. అన్నిటికంటే వింతగా అనిపించేది, కావాలనే నత్తిగా మాట్లాడటం. కొట్టుకి వెళ్ళి సులువుగా వచ్చే మాట మీదే కావాలని ఆగడం. దాక్కోవడానికి అలవాటుపడ్డ మనిషికి అదెంత కష్టమో నేను చూశాను. చేసినవాళ్ళ భుజాలు దిగడం కూడా చూశాను.

ఇక మీ ప్రశ్న, నమ్మకం ముందా తర్వాతా అని. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్‌ఫర్డ్‌లో పాములంటే విపరీతమైన భయం ఉన్నవాళ్ళతో పనిచేశారు. ఇంకొకరు పామును పట్టుకుంటే చూసినవాళ్ళకంటే, పక్కన తోడు మనిషి ఉండగా మెల్లమెల్లగా తామే ముట్టుకున్నవాళ్ళలో 'నేను చేయగలను' అన్న నమ్మకం బాగా పెరిగింది. చేతికి తెలిశాక మనసు ఒప్పుకుంది.

మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఒకసారి వెళ్ళి చూపించుకోండి. నిశ్చితార్థం లోపల నత్తి పోతుందని ఎవరైనా అంటే మాత్రం డబ్బు కట్టకండి.

సిరిసిల్ల_భజన · 30 సెప్టెంబర్, రాత్రి 10:05

పాడేటప్పుడు రాదు అన్నరు గదా మేడమ్, నేను దానికి సాక్ష్యం. మా ఊరి గుళ్ళె శనివారం భజన నేనే పాడ్త. రెండు గంటలు ఒక్క అక్షరం తప్పది. హారతి అయినంక "ప్రసాదం తీస్కోండి" అనుడు మాత్రం నాతోని గాదు, పక్కోడు అంటడు. చిన్నప్పుడు మా నాయనమ్మ తేనెల వస అరగదీసి నాలికె మీద రాసేది, ఉసిరికాయలు నమిలిచ్చేది. నత్తి పోలె, నోరు మాత్రం వగరైంది.

నాకు ఒకటి తెల్వాలె. పాటల ఉన్నోడిని నేనే గదా? అప్పుడున్న ధైర్యం మాటల ఎందుకుండది? యాభై ఏండ్లొచ్చినయ్, ఇది మాత్రం సమజ్ కాలె.

పాత_పంతులు · 1 అక్టోబర్, ఉదయం 5:40

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ చర్చ మూడు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ రాత్రి నిద్రపోలేదు.

నా తరగతిలో నత్తి ఉన్న కుర్రాడొకడు ఉండేవాడు. వరసగా ఒక్కొక్కరి చేత పద్యం చదివించేవాణ్ణి. వాడి వంతు వచ్చినప్పుడు వాణ్ణి దాటేసి పక్కవాణ్ణి లేపేవాణ్ణి. నవ్వులపాలు కాకుండా కాపాడుతున్నాననుకున్నాను. మూడేళ్ళు అలాగే చేశాను. పదో తరగతి వీడ్కోలు రోజున వాడు ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. "మాస్టారూ, నాకు పద్యాలన్నీ వచ్చు. మీరు ఒక్కసారి కూడా అడగలేదు" అని ఉంది. అందులో నిందలేమీ లేవు, అంతే ఉంది.

విశాఖ అమ్మాయి చెప్పింది చదివాక ఒక సంగతి తట్టింది. పదిమందితో కలిసి చదివితే నత్తి రాదు అన్నారు. నేను వాడితో గొంతు కలిపి మొదటి పాదం చదివి ఉంటే రెండో పాదం వాడే చదివేవాడేమో. అంత చిన్న పని. అది నాకు తెలియకపోవడం నేరం కాదు, కానీ నేను కనుక్కోలేదు.

సిరిసిల్ల తమ్ముడూ, మీ ప్రశ్నకి శాస్త్రం నాకు తెలియదు. పాటకి దారి ముందే వేసి ఉంటుంది, తాళం చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. మాటకి అడుగడుగూ మనమే వేసుకోవాలి, అవతలివాడు ఎదురుచూస్తూ ఉంటాడు. ధైర్యంలో తేడా లేదని నాకనిపిస్తుంది. తోడులో తేడా ఉంది.

రాజోలు_అమ్మ · 1 అక్టోబర్, రాత్రి 8:15

మా బాబుకి నాలుగేళ్ళండి. నెల రోజుల నుంచి "నా నా నా నాకు" అంటున్నాడు. మా అత్తగారు చిన్నప్పుడు వస సరిగ్గా పోయలేదని నన్నే అంటున్నారు. నేను "మెల్లగా చెప్పు నాన్నా, ఊపిరి తీసుకుని చెప్పు" అంటున్నాను. తప్పు చేస్తున్నానా?

వాక్కు_విశాఖ · 1 అక్టోబర్, రాత్రి 9:02

మీ తప్పు ఏమీ లేదమ్మా. వస పోసినా పోయకపోయినా దీనికి సంబంధం లేదు. ఇప్పుడు అసలే పోయకండి. "మెల్లగా చెప్పు" అనడం మానేయండి, వాడు చెప్పే తీరు తప్పని వాడికి తెలిసేది ఆ మాటతోనే. బదులుగా మీరే మెల్లగా మాట్లాడండి. వాడి ముఖంలోకి చూస్తూ, వాక్యం మీరు పూర్తిచేయకుండా, చివరిదాకా వినండి. రోజూ ఐదు నిమిషాలు వాడొక్కడితోనే, ఫోన్ పక్కన పెట్టి. ఇంట్లో ఎవరికైనా నత్తి ఉన్నా, మాట కోసం వాడు కళ్ళు మూసి పెనుగులాడుతున్నా ఆగకండి, వెంటనే థెరపిస్టుకి చూపించండి. లేకపోయినా రెండు మూడు నెలలు మించి ఎదురుచూడొద్దు.

పంతులు గారూ, ఇప్పటికీ టీచర్ల శిక్షణలో ఈ సంగతి చెప్పేవాళ్ళు తక్కువ. మీరు రాసింది నేను మా దగ్గరకి వచ్చే టీచర్లకి చూపిస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే.

పాత_పంతులు · 2 అక్టోబర్, ఉదయం 5:15

చూపించమ్మా.

డల్లస్_గోదారి · 2 అక్టోబర్, ఉదయం 10:30

ఇక్కడ ఫోన్ ఇంటర్వ్యూలే నా గండం. పేరు చెప్పమంటే నిశ్శబ్దం. లైన్ తెగిందనుకుని రెండుసార్లు పెట్టేశారు. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. మొదటి వాక్యంలోనే "నాకు నత్తి ఉంది, మధ్యలో ఆగితే లైన్ కట్ అయిందనుకోకండి" అని చెప్పేయడం. అది చెప్పడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది. చెప్పాక దాచుకోవాల్సిన పని తప్పుతుంది, ఆ శక్తంతా ఆలోచించడానికి మిగులుతుంది. ఉద్యోగం వచ్చింది ఆరో ఇంటర్వ్యూలో.

ఇంకో సంగతి. ఇంగ్లండ్ రాజు ఆరవ జార్జ్‌కి నత్తి అని చాలామందికి తెలుసు. ఆయన లయొనెల్ లోగ్ దగ్గర శిక్షణ మొదలుపెట్టింది 1926లో. 1939 సెప్టెంబర్ 3న యుద్ధం సంగతి రేడియోలో చెప్పేటప్పుడు కూడా లోగ్ ఆ గదిలోనే ఉన్నాడు. పదమూడేళ్ళ తర్వాత, రాజుకి కూడా ఒక మనిషి తోడు కావాల్సి వచ్చింది. పంతులు గారు తోడు అన్నారే, ఆ మాట చదివి ఇది గుర్తొచ్చింది. కొత్తపేట గారూ, ఆ రోజు మీ పక్కన ఎవరుంటారు?

ఒంగోలు_నిజం · 3 అక్టోబర్, మధ్యాహ్నం 1:10

అందరూ నమ్మకం, తోడు అంటున్నారు. నేను ఒకటి అడుగుతాను. పదకొండు ఇంటర్వ్యూల్లో రాత పరీక్ష పాసై, మాట దగ్గర వెనక్కి పంపించారు నన్ను. ఒకచోట నవ్వారు. అక్కడ తక్కువైంది నా నమ్మకమా? వినేవాళ్ళకి ఓపిక లేకపోతే ఆ లోటు కూడా నా మీదే వేసుకోవాలా? ఎదిగేది ఎప్పుడూ మనమేనా, వాళ్ళు ఎదగరా?

ధర్మవరం_అమ్మాయి · 3 అక్టోబర్, సాయంత్రం 4:48

మీరన్నది నిజం అన్నా. నవ్వినవాళ్ళ తప్పు వాళ్ళదే. నాకు మొదటి సంబంధం వాళ్ళ మీద ఇప్పటికీ కోపమే. కానీ నేను నోరు మూసుకుని కూర్చున్న రెండుసార్లూ వాళ్ళకి నవ్వే అవకాశం కూడా ఇయ్యలా, వినే అవకాశం కూడా ఇయ్యలా. మూడోసారి వాళ్ళలో ఒక పెద్దావిడ నేను పేరు చెప్పేవరకు గ్లాసు కింద పెట్టి చూస్తా కూర్చునింది. అట్లాంటి మనుషులు ఎంతమంది ఉన్నారో నేను మాట్లాడినాకే లెక్క తెలిసింది. నవ్వేవాళ్ళకంటే ఎక్కువే ఉన్నారు, నిజంగా చెప్తున్నా.

సంకల్పసిద్ధి · 3 అక్టోబర్, రాత్రి 7:30

అమ్మా, నేను మొదట రాసింది తొందరపాటు. బిడియాన్నీ నత్తినీ ఒకటే గాటన కట్టాను. నిన్న మా ఊరి కిరాణా కొట్టులో నత్తి ఉన్న కుర్రవాడు సరుకులు చెబుతుంటే, ఎప్పటిలా మధ్యలో అందివ్వకుండా ఆగాను. అతని కంటే నాకే కష్టమైంది. ఇన్నేళ్ళూ ఎంతమంది మాటలు మింగేశానో.

కొత్తపేట_34 · 20 అక్టోబర్, రాత్రి 11:30

మనోవికాస్ నగర్ వెళ్ళాను. రెండు వారాలుగా రోజూ ఒక పని ఇచ్చారు. నిన్నటిది బస్సు. మెట్రో మానేసి కోఠిలో బస్సెక్కాను. కండక్టరమ్మ చెయ్యి చాపింది. "క" దగ్గర ఆగిపోయింది. అలవాటుగా 'ఎల్బీనగర్' నోటి చివరికి వచ్చేసింది. దాన్ని వెనక్కి నెట్టడమే కష్టమైంది, కొత్తపేట అనడం కంటే. మలక్‌పేట వచ్చేలోపల అయితే అనేశాను. వెనక సీటాయన "కొత్తపేటనా?" అని అందించబోతే ఆవిడ చెయ్యి అడ్డుపెట్టి "ఆయన చెప్తున్నడు గదా" అంది. టికెట్ జేబులోనే ఉంది.

డల్లస్ గారూ, పక్కన ఎవరుంటారని అడిగారు. మా చెల్లి. దాంతో చెప్పాను, నేను ఎంతసేపు ఆగినా నువ్వు పేరు అందించకు అని. "ఏడుపొస్తే?" అంది. ఏడవొచ్చు, అందించకూడదు అన్నాను.

ఒంగోలు గారూ, మీ పోస్టు చాలాసార్లు చదివాను. నాకు జవాబు తెలియదు. కానీ ఆ కండక్టరమ్మ గుర్తొచ్చింది.

సిరిసిల్ల_భజన · 21 అక్టోబర్, ఉదయం 7:00

తమ్మీ, పోయిన శనివారం హారతి అయినంక నేను గూడ "ప్రసాదం" అన్న. పంతులు గారు చెప్పినట్టు తాళం ఒకసారి కొట్టి అన్న. సగం తాళంల, సగం మాటల వచ్చింది. మా పక్కోడు నోరు తెరిచి అట్లనే నిలబడ్డడు.

కొత్తపేట_34 · 16 నవంబర్, రాత్రి 12:20

ఇప్పుడే ఇంటికి వచ్చాం. అందరూ పడుకున్నారు, నాకు నిద్ర రావడం లేదు.

లేచి నిలబడగానే ముందు చెప్పేశాను. "నాకు నత్తి ఉందండి, పేర్లు చెప్పడానికి కొంచెం టైం పడుతుంది." పెళ్ళికొడుకు నాన్నగారు "మాకేం తొందర లేదు బాబూ, భోజనాలకి ఇంకా గంట ఉంది" అన్నారు. ఇరవై రెండు మందిలో ఇరవై ఒక్కరి పేర్లు చెప్పాను. మా బాబాయి పేరు దగ్గర మాత్రం పూర్తిగా బిగుసుకుపోయింది. ఆయన కంగారుపడి తన పేరు తనే చెప్పేసుకున్నారు. అక్కడ చెవులు వేడెక్కాయి. ఒక్క క్షణం ఆగి, అదే పేరు మెత్తగా మళ్ళీ అన్నాను, విశాఖ మేడమ్ రాసినట్టు. అప్పుడు వచ్చింది. చెల్లి ఒక్కటీ అందించలేదు. చీర కొంగు మాత్రం నలిపి నలిపి పాడుచేసింది.

భయం పోయిందా అంటే లేదు. నిలబడేటప్పుడు కాళ్ళు వణికాయి, కూర్చున్నాక కూడా వణికాయి. కానీ ధర్మవరం గారూ, ఆకలేసింది. రెండుసార్లు పెరుగు అడిగి వేయించుకున్నాను, పెరుగు అనే అడిగాను.

పెద్దమ్మ వంతు వచ్చినప్పుడు 'మా పెద్దమ్మ' అన్నాను, చాలాసేపు పట్టింది, తర్వాత ఆవిడ పేరు చెప్పాను. కార్లో వచ్చేటప్పుడు ఆవిడ నా పక్కనే కూర్చుంది. చాలా దూరం ఏమీ మాట్లాడలేదు. ఇంటి దగ్గరికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "ముప్పై ఏళ్ళుగా నువ్వొక్కడివే దొడ్డమ్మా అంటుంటే ముద్దుగా అంటున్నావనుకున్నాను రా. అందుకా?" అంది. అవునన్నాను. "సరే. అయినా నాకు అదే అలవాటైపోయింది. రేపట్నుంచి మళ్ళీ అలాగే పిలు" అంది.